దెయ్యానికి దరువు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి, "నీకిష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడరా" అన్నారు. "దెయ్యాల పాటల గురించి మాట్లాడతాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "స్వర్ణోత్సవం కదరా, ఏదైనా మంచి విషయం చూసుకో" అన్నారు. ఇది మంచి విషయమేనని చెప్పడానికే వచ్చానండి.

1985లో నేను పదో తరగతి. స్పెషల్ క్లాసులు అయ్యేసరికి చీకటి పడిపోయేది. దానికి తోడు కరెంటు పోతే, కాలవ గట్టు మీద చింతచెట్టు దగ్గర నా కాళ్లు కదిలేవి కావు. ఆ చెట్టు మీద దెయ్యం ఉందని మా అందరికీ గట్టి నమ్మకం. నా బెంచీ మిత్రుడు మాత్రం జామెట్రీ బాక్సు తీసి, స్కేలుతో దరువు మొదలుపెట్టేవాడు. అప్పటికప్పుడు పాట కట్టేవాడు. దెయ్యానికి తలదువ్వి జడ వేసేవాడు, లెక్కల హోంవర్కు ఇచ్చేవాడు, చెయ్యకపోతే గోడకుర్చీ వేయించేవాడు. మేమంతా వంత పాడుతూ, నవ్వుతూ చెట్టు దాటేసేవాళ్లం.

ఆ సంవత్సరమే "దొంగ" సినిమా వచ్చింది. మొగల్తూరు నుంచి వెళ్లిన మన చిరంజీవి, చక్రవర్తి సంగీతానికి, దెయ్యాల వేషాలు వేసిన డాన్సర్ల మధ్య "గోలీమార్" అంటూ చిందేశాడు. 1983లో వచ్చిన మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్" వీడియోకి అది మన జవాబు. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఇంటర్నెట్‌లో "ఇండియన్ థ్రిల్లర్" పేరుతో పరాయి దేశాలవాళ్లు కూడా దాన్ని చూసి మురిసిపోయారు. మా బ్యాచికి మాత్రం జామెట్రీ బాక్సు దరువుకి అప్పుడే కొత్త స్టెప్పులు దొరికాయి.

ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో ఉద్యోగం చేస్తుండగా, ఓ తోటి ఉద్యోగి కారులో ఒక పాట విన్నాను. చెక్క మీద టకటకా కొడుతున్నట్టు దరువు, దాని మీద గిటారు, సమాధిలోంచి లేచొచ్చినట్టు పాడేవాడి కేకలు. పకపకా నవ్వేశాను. "దీన్ని సైకోబిల్లీ అంటారు" అన్నాడతను. "మా ఊళ్లో జామెట్రీ బాక్సు అంటారు" అన్నాను.

దాని కథ చిన్నగా చెబుతాను. రాక్ అండ్ రోల్‌కి, హిల్‌బిల్లీ అనే పల్లె సంగీతానికి పుట్టిన బిడ్డ రాకబిల్లీ. 1954లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డు చేసినప్పుడు డ్రమ్ములే లేవు. బిల్ బ్లాక్ అనే ఆయన మనిషెత్తు బాస్ వాయిద్యం తీగలు లాగి చెక్కకి కొడుతుంటే, అదే దరువైంది. 1956లో స్క్రీమిన్ జే హాకిన్స్ అనే గాయకుడు ఒక మంత్రాల పాట పాడాడు. ఆయనది రాకబిల్లీ కాదుగానీ, స్టేజీ మీద శవపేటికలోంచి లేచి, పుర్రె తగిలించిన కర్ర పట్టుకుని పాడి, వెనకవాళ్లకి దారి చూపించాడు. 1976లో న్యూయార్క్‌లో ది క్రాంప్స్, 1980లో లండన్‌లో ది మీటియర్స్ బృందాలు ఆ దరువుకి పాత హారర్ సినిమాల శవాలనీ, శ్మశానాలనీ జోడించాయి. వినేవాళ్లకి భయం వెయ్యదు. భయాన్ని ఆటపట్టిస్తున్న సంబరం కనిపిస్తుంది.

ఇదేమీ మనకి కొత్త కాదండి. మన మండలంలోనే మాధవపట్నం ఉంది, తోలుబొమ్మలాటకి పేరుపడ్డ ఊరు. తెర మీద రాక్షసులు కోరలు చూపిస్తుంటే, తెర వెనక కళాకారులు కాళ్ల కింద చెక్కలు టకటకలాడిస్తారు. పిల్లలు బిక్కమొహం వేసేలోపే కేతిగాడు, బంగారక్క వచ్చి కడుపుబ్బ నవ్విస్తారు. భయమూ నవ్వూ ఒకే తెర మీద! కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడిన ఎస్వీ రంగారావు, 1957లో "మాయాబజార్" ఘటోత్కచుడై, మాధవపెద్ది సత్యం గొంతుతో నవ్వుతుంటే పిల్లలెవరూ దడుచుకోలేదు. లడ్డూలు తమకీ కావాలన్నారు.

ఇంతవరకూ నవ్వొచ్చే మాటలే చెప్పాను. ఇక నా తప్పు ఒకటి చెబుతాను.

కాలవ గట్టు మీద ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. జుట్టు విరబోసుకుని, తనలో తాను మాట్లాడుకునేది. ఒకరోజు మా పాటలో ఆవిణ్ణి దెయ్యంగా కలిపేశాను. కలిపింది నేనే, నా మిత్రుడు కాదు. అందరూ పగలబడి నవ్వారు. మర్నాడు ఆవిడ గుమ్మం ముందే పాడాం. వెనక మా తెలుగు మాస్టారు సైకిల్ మీద వస్తున్నారని చూసుకోలేదు.

మాస్టారు కొట్టలేదు. మమ్మల్ని ఆవిడ ఇంట్లోకి తీసుకెళ్లారు. గోడ మీద మా వయసు కుర్రాడి ఫోటో, దానికి దండ. "కూర్చోండి బాబూ" అంటూ ఆవిడ మాకు బెల్లం ముక్కలు పెట్టింది. నాకు గొంతు దిగలేదు. బయటికొచ్చాక మాస్టారు ఒక్కటే అన్నారు: "ఒరేయ్, దెయ్యం మీద ఎన్ని పాటలైనా కట్టండి. మనిషిని దెయ్యం చెయ్యకండి."

చేతబడి చేసిందన్న అనుమానంతో మనిషిని కొట్టారనే వార్త పేపర్లో చదివినప్పుడల్లా నాకు ఆ బెల్లం ముక్క గుర్తొస్తుంది. అటువంటి చోట భయానికి దరువు ఉండదు, నవ్వూ ఉండదు. దెయ్యాన్ని తెర మీదకెక్కించి, పాటలో పెట్టి ఆడించేవాడికి అది తను కట్టిన బొమ్మేనని తెలుసు. ఆ సంగతి తెలియనివాడే పక్కింటావిడలో దెయ్యాన్ని వెతుకుతాడు. అందుకే ఈ పాటలు మంచి విషయమే అంటున్నాను.

నా బెంచీ మిత్రుడు ఇవాళ ఈ సభలో లేడు. ఐదేళ్ల క్రితం ఆసుపత్రిలో చూడ్డానికెళ్తే, సన్నబడిపోయిన వేళ్లతో మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద అదే దరువు వేశాడు. ఇద్దరం నవ్వాం. ఆ చెట్టు వాడు అలాగే దాటాడు.

సంఘానికి నాదొక మనవి. వచ్చే వార్షికోత్సవానికి మాధవపట్నం కళాకారుల్ని పిలిపిద్దాం, సరైన పారితోషికం ఇచ్చి. ఆ ఖర్చు నాది. ఆట అయ్యాక మన పిల్లలచేత ఒక దెయ్యం పాట కట్టిద్దాం. షరతు ఒక్కటే, అది మాస్టారు పెట్టిన షరతే.

జామెట్రీ బాక్సు నేను తెస్తాను. సెలవు.