ఊద్ అనే మాట కథ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఒక్క మాట గురించి ముచ్చటిస్తాను. అది 'ఊద్'. ఫాతెహా నాడు మనం నిప్పుల మీద వేసేది ఊదు. పక్కింటి హిందూ సోదరులు దేవుడి ముందు వెలిగించేది ఊదుబత్తి. నోటితో ఊదడానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది అరబ్బీ మాట. ఊద్ అంటే కట్టె, పుల్ల. సువాసన గల అగరు కట్టెకు ఆ పేరే స్థిరపడింది. ఒక పాత తంత్రీవాద్యానికీ అదే పేరు.

వాద్యానికి కట్టె అని పేరెందుకు? పాత వాద్యాలు కొన్నిటికి ముఖాన తోలు బిగించేవారు, దీనికి చెక్క పలక వేశారు, అందుకని చాలామంది చెబుతారు. పారసీకంలో తీగె అనే అర్థం గల 'రూద్' నుంచి వచ్చిందని కొందరు పండితుల వాదం. దీనికి పెద్దన్న లాంటిది పారసీకుల 'బర్బత్'. 'బర్' అంటే రొమ్ము, 'బత్' అంటే బాతు. బాతు రొమ్ములా ఉబ్బుగా ఉంటుంది గనుక ఆ పేరని పాతవారి వివరణ. తీగెల పేర్లలోనూ రెండు భాషలు కలిశాయి. సన్నతీగె 'జీర్', లావుతీగె 'బమ్' పారసీకం. నడిమి 'మస్నా', 'మస్లస్' అరబ్బీ.

9వ శతాబ్దంలో అల్ కిందీ ఈ తీగెల శాస్త్రం రాశారు. 822లో స్పెయిన్ చేరిన జిర్యాబ్ ఐదో తీగె చేర్చాడని ప్రతీతి. 'అల్ ఊద్' పోర్చుగీసువారి నోట 'అలౌదె', స్పెయిన్‌వారికి 'లౌద్', ఇంగ్లీషువారికి 'ల్యూట్' అయింది. 'అల్'లోని అకారం రాలిపోయినా లకారం పేరుకే అతుక్కుపోయింది చూడండి! ఇరాన్, సిరియా దేశాల ఊద్ తయారీని, వాదనాన్ని 2022లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

సంగీతం తగునా, తగదా అన్న విషయంలో ఉలమాలకు అభిప్రాయభేదాలున్నాయి. ఆ జోలికి నేను పోను. నా విన్నపం వేరు. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ అక్షరం రాదు. అక్షరం పోతే మాట పుట్టుకా మరుగున పడుతుంది. ల్యూట్ పరాయిదనీ, ఊదు ఒట్టి పొగ అనీ అనుకుంటారు. అందుకని పెద్దలారా, దస్తర్‌ఖాన్ దగ్గర రోజుకో మాట కథ చెప్పండి. తెలుగులో చెప్పినా సరే, చెప్పడం మాత్రం మానకండి. ఖుదా హాఫిజ్.