విజ్ఞానశాస్త్ర బోధన – అంతర్జాల సాధనములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రబంధ సాహిత్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను మొదట కోరిరి. మనుచరిత్రమును గూర్చియో వసుచరిత్రమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుట నాకును సుఖమే. అయినను దానిని మరియొక సభకు నిలుపుకొందునని మనవి చేసి ఈ విషయము నెన్నుకొంటిని. కారణమేమన, రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్ముతో ఏమి చేయవలెనను ప్రశ్న కార్యవర్గము ముందున్నది. గ్రంథాలయమునకు సిమెంటు కమాను కట్టించి, దాతల పేర్లు పాలరాతిపై చెక్కించవలెనని కొందరు పెద్దల యభిప్రాయము. ఒక కంప్యూటరును ఒక చెక్క బీరువాను కొని, ఉన్నత పాఠశాల పిల్లల విజ్ఞానశాస్త్రాభ్యాసమునకై మన మూల గదిని కేటాయింపవలెనని ఉపాధ్యాయుల కోరిక. నేను రెండవ పక్షమువాడను. దాతల పేర్లు వ్రాయించుటకు నాకభ్యంతరము లేదు. బీరువా తలుపుపై వ్రాయించినను అవి చదువబడును. పైగా వానకు తడియవు.

మన పదవ తరగతి పిల్లలు విద్యుత్ మోటారు బొమ్మను చక్కగా గీయుదురు. భాగములు గుర్తింతురు. మార్కులును వచ్చును. కాని ఆ బొమ్మ గీసినవారిలో ఎందరు తీగచుట్ట తిరుగుట కంటితో చూచిరి? తమ పొలములో నీరు తోడు మోటారునకును ఆ బొమ్మకును బంధుత్వమున్నదని ఎందరెరుగుదురు? పొలము మోటారు నిర్మాణము వేరు. అయినను విద్యుత్తును అయస్కాంతమును కూడినచోట త్రిప్పు బలము పుట్టుననెడి మూలము రెంటికిని ఒక్కటే. ఇది ఉపాధ్యాయుల లోపము కాదు. నలుబది యైదు నిమిషముల పీరియడులో అరువదిమంది పిల్లలకు, పగిలినచో మరల రాని పరికరములతో, ఆయన ఏమి చూపగలడు?

ఇట్టి కొరత తీర్చుట గ్రంథాలయము పనియా యని అడుగువారున్నారు. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు నింపి కృష్ణా కాలువ వెంబడి గ్రామములకు పంపిరి. చదువరి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలెనని ఆ పెద్దలు తలచిరి. ఆనాడు కాలువ యుండెను, ఈనాడు అంతర్జాలమున్నది. దానివెంట ఏ సరకు వచ్చుచున్నదో, అందు ఏది మన పిల్లలకు పనికివచ్చునో చూచి దింపుకొనుట మన వంతు.

మొదట మన యింటిలోనిదే చెప్పెదను. పాఠ్యపుస్తకములలో పాఠముల యొద్ద అచ్చయిన నలుపు తెలుపు చదరపు గుర్తును, అనగా క్యూఆర్ కోడును, మీరందరు చూచియుందురు. ఫోనుతో దానిని చూపినచో ఆ పాఠమునకు సంబంధించిన వీడియోలు, అభ్యాసములు తెరచుకొనును. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన 'దీక్ష' అను వేదిక ద్వారా ఇవి వచ్చుచున్నవి. ఖర్చు లేదు. అయితే వీనిలో సరకు ఒక్క తీరున నుండదు. కొన్ని మిక్కిలి బాగుగానున్నవి; కొన్నిట పుస్తకములోని వాక్యములనే యెవరో బిగ్గరగా చదువుచుందురు. కావున ఉపాధ్యాయుడు ముందుగా చూచి, ఏరి, ఏ వీడియోలో ఏ నిమిషము మొదలు చూపవలెనో గుర్తుపెట్టుకొనవలెను. పది నిమిషముల వీడియోలో పనికివచ్చునవి తరచుగా రెండే నిమిషములు.

రెండవది 'ఫెట్'. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పెదను. 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వీమన్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో దీనిని స్థాపించెను. ఇవి వీడియోలు కావు. పిల్లవాడు తన చేతితో త్రిప్పగల, పెంచగల, తగ్గించగల ఆడుబొమ్మలు. విద్యుత్ వలయముల బొమ్మలో బ్యాటరీని, బల్బును, తీగలను కలుపవచ్చును. తీగలలో ఎలక్ట్రానులు నీలపు గుండ్లవలె కదలుచుండును. తప్పుగా కలిపినచో బ్యాటరీ మంటలంటుకొన్నట్లు కనబడును. 230 వోల్టుల యింటి కరెంటుతో చేయకూడని సాహసములను అక్కడ నిర్భయముగా చేయవచ్చును. ఒకసారి దింపుకొన్న పిమ్మట అంతర్జాలము లేకున్నను ఇవి పనిచేయును. వర్షాకాలమున నాలుగు రోజులు నెట్టు రాని మనవంటి ఊరికి ఇది గొప్ప సదుపాయము.

ఇక్కడ నా మనస్సులోని ఒక మాట చెప్పవలెను. లోలకమునకును ఫెట్‌లో ఒక బొమ్మ కలదు. దానితో లోలక నియమమును 'రుజువు' చేయించుట నాకు సమ్మతము కాదు. తెరపై ఊగు ఆ లోలకము నిజముగా ఊగుట లేదు; లోపల ఎవరో వ్రాసిపెట్టిన సూత్రము ప్రకారము కంప్యూటరు లెక్కవేసి చూపుచున్నది. ఆ సూత్రమునకు దానినే సాక్షిగా తెచ్చుట, లెక్క వ్రాసినవాడే తన లెక్కను తాను తనిఖీ చేసికొన్నట్లుండును. ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నవాడను; అట్టి తనిఖీ విలువ యెంతయో నేనెరుగుదును.

కావున మొదట ఒక మీటరు దారమునకు రాయి కట్టి, ఇంటి దూలమునకు వ్రేలాడదీసి, మెల్లగా ఊపవలెను. అటు పోయి ఇటు వచ్చినచో ఒక ఊపు. ఇరువది ఊపులకు సుమారు 40 సెకనులు పట్టును. దారమును 25 సెంటీమీటర్లకు కుదించినచో ఇరువది సెకనులు పట్టును. దారము నాలుగవ వంతైనప్పుడు కాలమును నాలుగవ వంతే కావలెనుగదా, సగమేల అయ్యెనని పిల్లవాడు తెల్లబోవును. ఉపాధ్యాయుడు అప్పుడు వర్గమూలము మాట ఎత్తినచో అది వాడు మరువడు. రాయి బరువు మార్చి చూచినను కాలము మారదని తెలిసికొని మరియొకసారి తెల్లబోవును. అటుపిమ్మట కంప్యూటరు కడకు తీసికొనిపోవలెను. చంద్రునిపై గురుత్వము భూమిపైదానిలో సుమారు ఆరవ వంతు. అచ్చట అదే మీటరు దారము ఒక్క ఊపునకు ఐదు సెకనులకు కొంచెము తక్కువగా తీసికొనును. గురుగ్రహముపై నెట్లుండునో కూడ ఆ బొమ్మ చూపును. ఇంకను 'ఎక్స్' అను పేరుతో ఒక కల్పిత గ్రహమున్నది. దాని గురుత్వమెంతయో చెప్పరు. ఊపులు లెక్కించి పిల్లవాడే కనిపెట్టవలెను. మన దూలమునకు కట్టిన దారము చంద్రుని కడకు పోలేదు. అచ్చటనే ఈ సాధనము యొక్క నిజమైన ప్రయోజనమున్నది.

మన న్యాయశాస్త్రకారులు ఉపమాన ప్రమాణమునకు గవయమును ఉదాహరింతురు. గవయము ఆవువలె నుండునని ఒకడు వినియుండెను. అడవికి పోయి ఆ మృగమును చూచినప్పుడు, గవయమన నిదియేయని గుర్తించెను. తెరపై బొమ్మ ఆవువలె నుండునని చెప్పిన మాట వంటిది. అడవికి పోకున్నచో గవయము తెలియదు.

అడవికి దారి చూపువారు అర్వింద్ గుప్తగారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు. ఫ్యాక్టరీ ఉద్యోగము వదలి, పారవేసిన వస్తువులతో విజ్ఞానశాస్త్ర బొమ్మలు చేయుటలో జీవితము గడపిరి. 2018లో పద్మశ్రీ పొందిరి. వారి వెబ్‌సైటులో బొమ్మలు చేయు విధానములు, చిన్న చిన్న చలనచిత్రములు, అనేక భాషలలో పుస్తకములు ఉచితముగా దొరకును. నేను వానిలో మోటారును చేసి చూచితిని. కావలసినవి టార్చిలైటు సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, వెడల్పాటి రబ్బరు బ్యాండు, పాత రేడియో స్పీకరులోని అయస్కాంతము, ఎనామిలు పూసిన రాగితీగ. తీగను సెల్లు చుట్టును పదిసార్లు చుట్టి తీసి, రెండు కొనలను ఎదురెదురుగా చాచవలెను. సెల్లు రెండు చివరల పిన్నీసులను రబ్బరుతో బిగించి, వాని కన్నములలో తీగచుట్ట కొనలను నిలిపి, క్రింద అయస్కాంతముంచవలెను.

ఇందులో రహస్యమంతయు కొనలను గీకుటలోనున్నది. ఒక కొనపై ఎనామిలును చుట్టును పూర్తిగా గీకవలెను. రెండవ కొనను ఒక ప్రక్క మాత్రమే, సగము, గీకవలెను. రెంటిని పూర్తిగా గీకినచో చుట్ట ఒకమారు ఉలికిపడి, అటునిటు ఊగి, ఆగిపోవును. ఏలయన, సగము తిరిగిన పిమ్మట బలము ఎదురు దిక్కునకు త్రిప్పజూచును. సగము గీకిన కొన ఆ చెడు సగమున కరెంటును తెంచివేయును. చుట్ట తన వేగముతో ఆ సగమును దాటి, మరల మంచి సగమున కరెంటు నందుకొనును. పుస్తకములోని బొమ్మలో 'కమ్యుటేటరు' అని బాణపు గుర్తు వేసి వ్రాయునది ఈ పనిచేయు భాగమే. తెరపై మోటారు ఎన్నడును ఆగదు. బల్లపై మోటారు ఆగును. ఏల ఆగెనని పిల్లవాడు వంగి చూచును. తెరపై చూచి ఆ కమ్యుటేటరు పేరు నేర్చినవానికిని, ఆగిన చుట్టను తిరుగజేసినవానికిని గల భేదము పరీక్షలో కనబడకపోవచ్చును గాని, పాలిటెక్నిక్కు మెట్లెక్కిన నాడు కనబడును.

మూడవది ఆకాశము. 'స్టెల్లేరియం' అను సాధనమును కంప్యూటరులో ఉచితముగా దింపుకొనవచ్చును. ఫ్రాన్సు దేశీయుడైన ఫేబియన్ షెరో దీనిని మొదలుపెట్టెను. మన ఊరి అక్షాంశ రేఖాంశములు ఇచ్చినచో, ఏ రాత్రి ఏ గంటకు మన తలపై ఏ నక్షత్రములుండునో చూపును. పంచాంగము చూచుట వచ్చిన పెద్దలకు దీనితో మంచి ఆట గలదు. 360 డిగ్రీల చక్రమును 27 నక్షత్రములకు పంచినచో ఒక్కొక్కదానికి 13 డిగ్రీల 20 నిమిషములు వచ్చును. చంద్రుడు రోజుకు కదలునది ఇంచుమించుగా అంతయే. పూర్ణచంద్రుడు కృత్తికల దాపున నుండుటచే కార్తికము, చిత్త దాపున నుండుటచే చైత్రము. కార్తిక పౌర్ణమినాడు కృత్తికలు వెన్నెలలో మునిగి సరిగా కానరావు. అప్పుడు తెరపై చూచి చోటు గుర్తుంచుకొని, నాలుగైదు రాత్రులు గడచి చంద్రుడు దూరముగా జరిగిన పిమ్మట, చంద్రోదయమునకు ముందే అదే గుంపును కంటితో వెదకవలెను. ఆధునిక శాస్త్రమంతయు మన ప్రాచీనులు ముందే చెప్పిరని వాదించు మిత్రులకు నాదొక విన్నపము: వారు రాత్రివేళ మెడ యెత్తి చూచి, లెక్కపెట్టి వ్రాసిరి, మనము వారివలె చూచినచో వారిని గౌరవించినట్లగును.

ఇక చెడు సరకు సంగతి. యూట్యూబులో అయస్కాంతములు అమర్చిన ఫ్యాను బ్యాటరీ లేకుండ బల్బు వెలిగించుచున్నట్లు చూపు వీడియోలు కోకొల్లలు. లక్షలమంది చూచెదరు. మన పిల్లలును చూచి, డీజిలు లేక నడచు ఇంజను ఏల చేయరాదని ఉపాధ్యాయుల నడుగుచున్నారు. అడుగనిండు. అట్టి వీడియోను త్రోసిపుచ్చుట కంటె, గదిలో కూర్చుండబెట్టి అందులో చెప్పినట్లే చేయించుట మేలు. బల్బు వెలుగదు. శక్తి ఎక్కడినుండి వచ్చెను, ఎక్కడికి పోయెనని జమ ఖర్చు వ్రాయించినచో, దాచిన బ్యాటరీ యొక్క అవసరము దానంతట అదే బయటపడును.

తల్లులు కొందరు నాతో, ఫోను చేతికిచ్చినచో పిల్లలు చదువు మాని ఆటలలో పడుదురని చెప్పిరి. ఆ భయము నిరాధారమైనది కాదు. అందుచేతనే నేను ఫోనులు కోరుట లేదు, గ్రంథాలయపు కంప్యూటరును కోరుచున్నాను. అది అందరు నడచు గదిలో, తెర వాకిలివైపు తిరిగి యుండును. ఒక్క యంత్రము చుట్టు ఐదుగురు కూర్చుందురు. ఒకడు త్రిప్పును, నలుగురు వాదింతురు. ప్రక్కన బీరువాలో దారము, రాళ్లు, సెల్లులు, తీగ, భూతద్దములు ఉండును.

భాష విషయమై ఒక మాట. ఈ సాధనములలో అనేకము ఆంగ్లమున నున్నవి; ఫెట్‌లో కొన్నిటికి తెలుగు కూర్పులున్నవి, మిగిలినవానిని స్వచ్ఛందముగా అనువదించు ఏర్పాటును వారే కల్పించియున్నారు. 1906లో స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలివారు తెలుగులో శాస్త్రగ్రంథములు వెలువరించుటకు పూనుకొన్నప్పుడు వారికి సిద్ధముగా నున్న పదములెన్ని? కష్టపడి కూర్చుకొనిరి. మన ఉపాధ్యాయులు నెలకొక్క బొమ్మకు తెలుగు మాటలు సమకూర్చినచో, నావంటి పాతచదువువాడు పదముల దగ్గర కూలిపని చేయుటకు సిద్ధముగానున్నాడు. 'కరెంటు' అను మాటను మాత్రము తీయవద్దని ముందే చెప్పుచున్నాను. అది ఎన్నడో తెలుగైనది.

కార్యవర్గము ఏ నిర్ణయము చేసినను శిరసావహింతును. ఈలోపల ఒక చిన్న కోరిక. మోటారు వైండింగు చేయు సోదరులు కాలిన చుట్టల నుండి తీసిన తీగలో ఎనామిలు చెడని ముక్కలను పారవేయక ఒక సంచిలో ఉంచుడు. ఇండ్లలో పాడైన స్పీకర్లున్నవారు వానిని గ్రంథపాలకునకు అప్పగించుడు. ఎవరు ఏమి యిచ్చినదియు నేను పద్దు వ్రాసి ఉంచెదను. వచ్చే కార్తిక పౌర్ణమినాటి సాయంకాలము సూర్యాస్తమయ వేళకు పాఠశాల మైదానమున పిల్లలతో చంద్రోదయము చూచుటకు ఉపాధ్యాయులు అంగీకరించిరి. చాపలు మీరే తెచ్చుకొనవలెను.