నాన్న భయపడే బొమ్మ



ఇలాంటి సభలో అధ్యక్షుడు తెలుగు బాలసాహిత్యాన్ని మొదటినుంచీ సమీక్షించాలన్నది మన ఆనవాయితీ. గిడుగు సీతాపతి గారితో మొదలుపెట్టి, రేడియో అన్నయ్య, అక్కయ్యల 'బాల' మీదుగా 'చందమామ' దాకా వచ్చి, అది ఆగిపోయినందుకు కంటతడి పెట్టి దిగిపోవచ్చు. పొద్దున మాట్లాడినవాళ్లు ఆ పని చేసేశారు. కాబట్టి నేను నా పాత గొడవే చెబుతాను. అది వినీ వినీ విసిగినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. కాసేపు బయట టీ తాగి రావచ్చు, నేనేమీ అనుకోను.

తెలుగు బొమ్మల పుస్తకంలో పెద్దవాళ్లకు ముఖం లేదు. ఇదే నా గొడవ. రాజుగారికి మీసాలుంటాయి, అవ్వకు బోసినవ్వు ఉంటుంది, నాన్నకు తలపాగా ఉంటుంది. భయపడుతున్న నాన్న ఉండడు. కంచం ముందు కూర్చుని ముద్ద దిగక లేచిపోయే అమ్మ ఉండదు. అప్పులవాళ్లొస్తే లేడని చెప్పమని పిల్లాణ్ని గుమ్మంలోకి పంపే తాత అసలే ఉండడు.

పసిపిల్లల మనసు గురించి బడుల్లో మాట్లాడుకోవడం మొదలైనందుకు నాకూ సంతోషమే. తినకపోతే బూచాడొస్తాడనీ, మగపిల్లాడివి ఏడుస్తావేంటనీ అనిపించుకుంటూ పెరిగినవాళ్లం మనం. చలం గారి నవలల్ని తిట్టినంత శ్రద్ధగా ఆయన 'బిడ్డల శిక్షణ' చదివినవాళ్లు తక్కువ. 2022లో 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ మనసు సంగతిని అక్షరాల సరసన కూర్చోబెట్టింది. బాగుంది. బడి గోడ మీదికొచ్చేసరికి అది ఏమైంది? వరసగా పసుపుపచ్చ గుండ్రటి ముఖాలు, కింద వాటి పేర్లు. పొద్దున్నే పిల్లవాడు వాటిలో ఒకదాని మీద వేలు పెట్టాలి. ఏ ముఖం మీద పెడితే టీచరు 'వెరీ గుడ్' అంటుందో రెండోరోజుకే వాడు కనిపెడతాడు. ఈ చార్టులు అమ్మేవాళ్లు ఈ హాలు బయట కూడా ఒక స్టాలు పెట్టారు. చూశాను.

బొమ్మల పుస్తకం ఇలా నిలదీయదు. "వీడెందుకు తలుపు చాటున నిలబడ్డాడు?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటే చాలు. "నీకెప్పుడైనా ఇలా అనిపించిందా?" అని మాత్రం వెంటనే అడగొద్దు. నాలుగేళ్లవాడు తన సంగతి తన పేరుతో చెప్పడు, పుస్తకంలో వాడి పేరుతో చెబుతాడు. "వీడికి చీకటంటే భయం లేదు, వాళ్ల నాన్న మాట్లాడకపోతే భయం" అన్నాడనుకోండి, ఆ పూటకు ఇక పేజీ తిప్పొద్దు. అలా అడుగుతూ, పిల్లల చేత చెప్పిస్తూ చదివితే వాళ్లకు మాటలు బాగా వస్తాయని అమెరికాలో వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే చూపించింది. ఆ సంగతి శిక్షణ తరగతుల్లో అందరూ చెబుతున్నారు. ఆ పేజీలో ఎవరి ముఖం ఉండాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఏడాది బిడ్డకు తన కోపం కోపమని తెలియకపోవచ్చు గానీ తల్లి ముఖం తెలుసు. జేమ్స్ సోర్స్, ఆయన సహచరులు 1985లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఒక బల్ల, సగం దాకా గట్టి నేల, ఆపైన అద్దం, అద్దం కింద గొయ్యిలాంటి పల్లం. అటువైపు తల్లి నిలబడుతుంది. తల్లి నవ్వుముఖం పెట్టినప్పుడు 19 మంది పిల్లల్లో 14 మంది పాక్కుంటూ దాటారు. భయం ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. అందరూ ఏడాది వయసువాళ్లే. ఇలాంటి పాఠకులకు మనం ఇస్తున్నది కుందేలు, తాబేలు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక పత్తి ఊళ్లో పంతులుగా ఉండగా 1987-88 వచ్చింది. మీలో పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. తెల్లదోమ. మందు మీద మందు కొట్టారు, అప్పు మీద అప్పు తెచ్చారు, దోమ చావలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ మందే తాగి పోయారు. అప్పుడు రెండో తరగతి పిల్లవాడొకడు బడికి రావడం మానేశాడు. ఇంటికెళ్లి అడిగితే దూడను కాస్తున్నాడన్నారు. వాణ్ని పక్కకు పిలిచి అడిగాను. "నాన్న కొట్టంలోకి పోతే నేనూ పోవాల సార్, డబ్బా ఆడనే ఉంది" అన్నాడు. ఇంట్లో ఎవరూ వాడితో ఏమీ అనలేదు. పసివాడికి తెలియకుండా దాచామనుకున్నారు. వాడు తండ్రి ముఖం చూసి అంతా తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా కాపలా కాస్తున్నాడు.

మా బడి బీరువాలో పుస్తకాలు లేకపోలేదు. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర ద్వారా మన ఊళ్లకు చేరిన అందమైన బొమ్మల పుస్తకాలు కూడా ఉన్నాయి. వాడి చేతికి ఇవ్వదగ్గది ఒక్కటీ లేదు. ఆ తండ్రి బతికాడు. ఆ పిల్లవాడిప్పుడు కౌలుకు మిరప వేస్తున్నాడు. 2021-22లో మిరపను నల్ల తామర పురుగు తినేసినప్పుడు వాడికీ బడికెళ్లే పిల్లలున్నారు. బీరువాలో పుస్తకాలు మారాయి గానీ ఆ పిల్లలకు ఇవ్వదగ్గది ఇంకా రాలేదు.

పసివాళ్లకు దుఃఖం చూపించకూడదంటారు నా మిత్రులొకరు. పేరెందుకు, ఆయనకొచ్చిన బహుమతుల జాబితా మీకందరికీ కంఠతా వచ్చు. పిల్లల పుస్తకాల్లో శవాలు వెతికే మనిషినని నా గురించి ఒక పత్రికలో రాశారు కూడా. అయ్యా, దుఃఖం చూపించేది నేను కాదు, అది వాళ్ల ఇంట్లోనే ఉంది. పిల్లవాడు రోజూ చూస్తున్నాడు. దాని గురించి మాట్లాడొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక చివరి పేజీలో నీతి. ఆ రెండు లైన్లు మనవాళ్లు ఎందుకు వదలలేకపోతున్నారో నాకు తెలుసు. నీతి చెప్పాలంటే చెప్పే పెద్దమనిషి ఎప్పుడూ ఒప్పే కావాలి. ఒప్పయినవాడికి చెయ్యి వణకదు, గొంతు పూడుకుపోదు. అందుకే ఆ ముఖం బొమ్మలోకి రాదు. కోపమొచ్చిన పిల్లవాడు చివరికి క్షమాపణ చెబుతాడు, కోప్పడిన నాన్న ఎప్పుడూ చెప్పడు. ఇలాంటి కథలకు 'భావోద్వేగ వికాసం' అని కొత్త అట్ట వేసి అమ్ముతున్నారు.

బయటి దేశాలవాళ్లందరూ పెద్దవాళ్ల ముఖాన్ని బొమ్మలోకి తెచ్చారని నేననను. మారిస్ సెండాక్ 1963లో పిల్లవాడి కోపానికి రాక్షసుల ఆకారమిచ్చి చరిత్ర సృష్టించాడు గానీ, వాణ్ని తిట్టి అన్నం పెట్టకుండా పడుకోబెట్టిన తల్లి మనకు ఒక్క బొమ్మలోనూ కనిపించదు. ఆ గీత దాటినవాడు మైకేల్ రోజెన్. పద్దెనిమిదేళ్ల కొడుకు పోయాక 2004లో తన దుఃఖం మీదే పిల్లలకు పుస్తకం రాశాడు. క్వెంటిన్ బ్లేక్ వేసిన మొదటి బొమ్మలో ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వుతుంటాడు. ఆ నవ్వు దొంగదని పక్కనున్న మాటలు చెబుతాయి. ఈ కిటుకు మాటలు మాత్రమే చేయలేవు, బొమ్మ ఒక్కటే చేయలేదు.

మనకు చేతకాదా? చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ మనం కూర్చున్న ఈ తెనాలి వాళ్లే. 1952 నుంచి 1980 దాకా కుటుంబరావు దిద్దిన 'చందమామ' వచనానికి సాటి లేదు. భయమూ ఆశా అసూయా అన్నీ అందులో ఉన్నాయి, కానీ అవి వ్యాపారివీ రాక్షసుడివీ, మన ఇంట్లోవాళ్లవి కావు. 'బుడుగు' పెద్దవాళ్లను బాగానే చూశాడు గానీ అది పెద్దవాళ్లు చదువుకుని మురిసిపోయే పుస్తకం. 2008లో అన్వేషి వారు గోగు శ్యామల, ఖదీర్ బాబు మొదలైనవారితో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' కాస్త పెద్ద పిల్లలవి. మన సభల్లో వాటి ఊసే ఎత్తరు. ఈ మౌనం యాదృచ్ఛికమని నేననుకోను. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ వంటివారు చవగ్గా మంచి బొమ్మలు తెస్తున్నారు, వారికి నమస్కారం. అయితే వాటిలో అనువాదాలే ఎక్కువ. కిటికీలు ఇంకెవరివో, నాన్నలు ఇంకెవరివాళ్లో.

మన ఇంటి ముఖాలకు రెండు ఫారాల పుస్తకం చాలు. ముప్ఫయి రెండు పేజీలు, సెంటర్ పిన్ను. ఒక మిరప కల్లం, ఎర్రటి కుప్ప, తాలుకాయలు ఏరే అమ్మ, మార్కెట్ యార్డు నుంచి ధర విని వచ్చిన నాన్న. మాటలు లేకపోయినా ఫర్వాలేదు, లేకపోతేనే మేలు. కోతలకని ఆదోని, మంత్రాలయం వైపు నుంచి తల్లిదండ్రులతో వచ్చి మన కల్లాల దగ్గర బడి లేకుండా తిరిగే పిల్లలున్నారు. ఇంట్లో కన్నడం మాట్లాడుకునే పిల్లలూ వాళ్లలో ఉన్నారు. బొమ్మ వాళ్లకూ అందుతుంది.

ఇది రచయిత ఒక్కడే చేసే పని కాదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది, అదీ రచయితకే. మన సంఘాలూ అంతే. టైపు చేసిన కథల కట్ట తెచ్చుకుని బహుమతి తేలుస్తాయి, ఆ తరవాత ఎవరో ఒక చిత్రకారుణ్ని పిలిచి పేజీకి ఇంతని మాట్లాడుకుంటాయి. ఆయన పేరు లోపలి పేజీలో, ముద్రాపకుడి పేరు కింద పడుతుంది.

సాయంత్రం తీర్మానాలు చేస్తారు గదా. మాతృభాషను కాపాడాలన్న తీర్మానం ఎటూ ఉంటుంది. దానితోపాటు ఇవి రెండూ చేర్చండి. ఎనిమిదేళ్లలోపు పిల్లల పుస్తకాల పోటీకి బొమ్మలు లేని రాతప్రతిని తీసుకోకూడదు. అట్ట మీద చిత్రకారుడి పేరు రచయిత పేరంత అక్షరాల్లోనే ఉండాలి. ఇవి నెగ్గకపోతే వచ్చే సభకు నన్ను అధ్యక్షుడిగా పిలవకండి. శ్రోతగా వచ్చి వెనక వరసలోంచి ఇదే గొడవ చేస్తాను.