ఆబ్జెక్టు అర్థమయ్యే చోటు

ఇంజనీరింగ్ విద్యార్థి జావా పుస్తకం తెరవగానే క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్ అంటూ నిర్వచనాలు ఎదురవుతాయి. బట్టీపడితే మార్కులు వస్తాయేమో గానీ ప్రోగ్రాము రాయడం రాదు.

ఆబ్జెక్టులతో ప్రోగ్రాము రాసే పద్ధతికి పునాది పడింది 1960లలో, నార్వేలో. నిజ జీవితంలోని వ్యవస్థలను కంప్యూటర్‌లో అనుకరించడానికి ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిమ్యులా భాషను తయారుచేశారు. అందుకే కళ్లెదుటి పనితో మొదలుపెట్టడం మేలు.

కాలేజీ లైబ్రరీనే తీసుకుంటే, పుస్తకం ఒక క్లాసు. ఒక్కో ప్రతి ఒక ఆబ్జెక్టు; అది ఎవరి దగ్గరుందన్న వివరం లోపలే దాగి ఉండి, ‘ఇవ్వు’, ‘తీసుకో’ అనే మెథడ్ల ద్వారానే మారాలి. అప్పుడు ఒకే ప్రతిని ఇద్దరికి ఇచ్చే పొరపాటును ప్రోగ్రామే ఆపుతుంది. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే.

ఈ లైబ్రరీ ప్రోగ్రామును వెబ్‌లో పెడితే కొత్త పాఠం మొదలవుతుంది. హెచ్‌టీటీపీకి వెనకటి అభ్యర్థన గుర్తుండదు; లాగిన్ నిలపడానికి సాధారణంగా కుకీ వాడతారు. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ చేసిన తనిఖీని దాటేయవచ్చు కనుక, సర్వర్‌లోనూ మళ్లీ తనిఖీ చేయాల్సిందే.