కుండకు పూత, పుస్తకంలో లెక్క



రామకృష్ణాపూర్ బొగ్గు గనుల ఊరు. ఎండాకాలం రాగానే ఇక్కడి ఇళ్లలోకి రంజన్ వస్తుంది. అందులో నీళ్లు చల్లగా ఉంటాయి. మామిడికాయ తొక్కును మాత్రం ఎవరూ రంజన్‌లో పెట్టరు. జాడీలో పెడతారు. రెండూ మట్టితో చేసినవే. మరి తేడా ఎక్కడుంది?

రంజన్‌కు కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆరుతుంటే లోపలి నీరు చల్లబడుతుంది. అందులో తొక్కు పెడితే నూనె, ఉప్పు బయటికి ఊరుతాయి. జాడీకి గాజులాంటి పూత ఉంటుంది. ఆ పూతనే గ్లేజు అంటారు.

సారె మీద పని

ముందు మట్టిని నానబెట్టాలి. జల్లించి రాళ్లు తీయాలి. బాగా తొక్కి, పిసకాలి. ముద్దను తిరిగే సారె మీద సరిగ్గా నడుమ నిలపాలి. నేర్చుకునేవాళ్లకు మొదటి కష్టం ఇదే. ముద్ద నడుమ నిలవకపోతే గోడ ఒకపక్క మందం, ఒకపక్క పలుచన అవుతుంది. నిలిచాక బొటనవేళ్లతో గుంట చేసి, గోడను మెల్లగా పైకి లాగాలి. తయారైన కుండను నీడన ఆరబెట్టాలి. తడి ఉండగానే కాలిస్తే లోపలి నీరు ఆవిరై కుండ పగులుతుంది.

కుమ్మరి ఇళ్లలో మట్టి జల్లించడం, తొక్కడం, ఆరబెట్టడం, అమ్మడం వంటి పనుల్లో ఆడవాళ్ల చెయ్యి ఉంటుంది. సారె ముందు కూర్చునేది మాత్రం చాలాచోట్ల మగవాళ్లే. మట్టిపని నేర్పే కాలేజీల్లో ఈ కట్టుబాటు లేదు. బరోడాలో, శాంతినికేతన్‌లో ఆడపిల్లలూ సారె ముందు కూర్చుని నేర్చుకుంటారు.

నిర్మలా పట్వర్ధన్ అలా నేర్చుకున్న ఆమే. శాంతినికేతన్‌లో చదివింది. జర్మనీ వెళ్లి మట్టిపని నేర్చింది. ఇంగ్లండులో పేరున్న కుమ్మరి బెర్నార్డ్ లీచ్ దగ్గర పనిచేసింది. తనకు తెలిసిన గ్లేజుల లెక్కలు దాచుకోలేదు. 1984లో కుమ్మరుల కోసం పుస్తకం వేసింది.

గ్లేజు ఎలా కలుపుతారు?

కుండను మొదట సుమారు 950 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అన్నం వండే నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. దాన్నిబట్టి ఆ వేడి ఎంతో చూడండి! చల్లారాక కుండను గ్లేజు నీళ్లలో ముంచి తీస్తారు. అడుగున అంటిన పూత తుడిచేస్తారు. లేకపోతే పూత కరిగి కుండ బట్టీకి అతుక్కుంటుంది. తర్వాత సుమారు 1,250 డిగ్రీల వేడిలో మళ్లీ కాలుస్తారు. అప్పుడు పూత కరిగి గాజు అవుతుంది.

ఆ వేడికి సరిపోయే ఒక పాత లెక్క ఇది. ఫెల్డ్‌స్పార్ రాయి పొడి 40 పాళ్లు, పలుగురాయి పొడి 30 పాళ్లు, సుద్ద 20 పాళ్లు, చీనామట్టి 10 పాళ్లు. కూడితే 100. కిలో పొడి కావాలంటే 400, 300, 200, 100 గ్రాములు తూచాలి. ఫెల్డ్‌స్పార్, పలుగురాయి మహబూబ్‌నగర్ వైపు దొరుకుతాయి.

కట్టెల బూడిదతోనూ గ్లేజు చేస్తారు. మరి బొగ్గు బూడిద? అందులో ఇసుక గుణం ఎక్కువ, కరిగించే సున్నం గుణం తక్కువ. కట్టెల బూడిదలా అది తేలికగా కరగదు.

పచ్చి పూతను చూసి రంగు చెప్పలేం. కోబాల్టు పొడి నల్లగా ఉంటుంది. కాలితే నీలం అవుతుంది. అందుకే విద్యార్థిని చిన్న బిళ్లలు చేసి, ఒక్కోదానికి ఒక్కో పూత వేసి, వెనక నెంబరు రాస్తుంది. ఏది ఎంత కలిపిందో అదే నెంబరుతో పుస్తకంలో రాస్తుంది. బట్టీ తెరిచాక 7వ నెంబరు బిళ్ల బాగుందనుకోండి. పుస్తకంలో 7 చూసి మళ్లీ అదే కలుపుతుంది. రాయకపోతే ఆ రంగు మళ్లీ దొరకదు. సారె పని చేతికి వస్తుంది. గ్లేజు పనికి చేతితో పాటు అక్షరం కావాలి, అంకె కావాలి.

రెండు జాగ్రత్తలు

మొదటిది సీసం. సీసం కలిపితే పూత తక్కువ వేడికే కరిగి తళతళలాడుతుంది. అందుకే కొందరు కలుపుతారు. అలాంటి పాత్రలో చింతపండు పులుసు, తొక్కు, పెరుగు పెడితే పులుపుకు సీసం తిండిలోకి దిగవచ్చు. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఇంత సీసం తింటే ఏమీ కాదు అనే లెక్క లేదు. పూతలో ఏముందో అమ్మేవాళ్లు చెప్పలేని రంగుల పాత్రలో తిండి పెట్టకండి. పూలకుండీగా వాడుకోండి.

రెండోది దుమ్ము. గని దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కార్మికుల ఇళ్లలో చెప్పనక్కరలేదు. పలుగురాయి పొడి కూడా అంతే. అది ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బాగుపడని జబ్బు వస్తుంది. గ్లేజు కలిపే గదిని పొడి చీపురుతో ఊడవకూడదు. తడిగుడ్డతో తుడవాలి. పొడి తూచేటప్పుడు దుమ్ము ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి.

ఈసారి తొక్కుకు జాడీ కొనేటప్పుడు రంగు ఒక్కటే చూడకండి. "ఈ పూతలో సీసం ఉందా?" అని అడగండి. చీటీ అంటించి ఉంటే అది కూడా చదవండి. చదువు వచ్చింది కదా!