ముందు కాగితం, తర్వాత ఇటుక
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శి గారి అనుమతితో వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మన బస్తీలో ఇవాళ ఏ గల్లీలోకి పోయినా ఇసుక కుప్ప కనబడుతుంది. పట్నం పెరుగుతున్నది, కుటుంబాలు పెరుగుతున్నాయి. తాతల నాటి అరవై, డెబ్బై గజాల ఇంటిమీద ఒక గది వేద్దామని, కొడుకు పెళ్లి నాటికి పై అంతస్తు లేపుదామని ప్రతి ఇంట్లో అదే ఆలోచన. సంతోషమే. కాని ఆ గది కోసం అమ్మిన బంగారం, తెచ్చిన అప్పు, చెడిన స్నేహాలు కూడా మన కళ్ల ముందే ఉన్నాయి. వాటిలో ఒకటి నాది. కావున ముందు నా తప్పే చెప్పుకుంటాను.

మా అబ్బా కట్టిన ఇంటిమీద రెండు గదులు వేయదలచాను. మేస్త్రీ మన బస్తీ మనిషే. జుమా రోజు ఒకే సఫ్‌లో నిలబడేవాళ్లం. ఆయన కొడుకు నా తరగతిలోనే చదివేవాడు. "ఎంత అవుతుంది భాయ్?" అంటే "నాలుగు లక్షల్లో అయిపోతుంది మాస్టర్ సాబ్, మీ దగ్గర నేను ఎక్కువ తీసుకుంటానా?" అన్నాడు. అంతే. కాగితం లేదు, కొలత లేదు. రాసుకుందామంటే ఆయన మీద నమ్మకం లేనట్టు అవుతుందని నాకు మొహమాటం.

పని మొదలైంది. కింద గోడలు మట్టి అడుసుతో కట్టినవి, పై బరువు మోయవన్నాడు. పిల్లర్లు వేయాలి. అది ఒక ఖర్చు. తర్వాత మెట్లు లెక్కలో లేవన్నాడు. కరెంటు పైపులు, నీళ్ల ట్యాంకు, పాత గోడ పగలగొట్టిన మట్టి తరలింపు, ఇవేవీ లేవన్నాడు. నాలుగు లక్షలు ఆరు దాటాయి. చివరికి ఎనభై వేల దగ్గర ఇద్దరం పట్టుబట్టాం. మెట్లు కలిపే చెప్పావని నేను, లేదని ఆయన. ఏడు నెలలు ఒకరికొకరం సలాం చెప్పుకోలేదు. ఆ ఏడు నెలలూ ఆయన కొడుకు నా తరగతిలో తల వంచుకునే కూర్చున్నాడు. ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడేవాడు గాని నోరు విప్పేవాడు కాదు. నన్ను ఎక్కువ బాధించింది పోయిన డబ్బు కాదు, ఆ పిల్లవాడి మౌనం.

ఆఖరుకు మన సంఘ పెద్దలే ఇద్దరినీ కూర్చోబెట్టి, టేపు పట్టి కొలిపించి, చెరి సగం అన్నారు. అప్పుడు తెలిసింది, ఆయన మోసగాడు కాదు, నేనూ కాదు. ఒకే మాట ఇద్దరికీ వేరు వేరుగా గుర్తున్నది, అంతే.

సోదరులారా! ఖుర్ఆన్ షరీఫ్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించో పిల్లలను అడగండి. నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. సూరయె బఖరాలోని 282వ ఆయత్ అది. అప్పు లావాదేవీని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అందులో ఆదేశం ఉన్నది. రాసుకోవడం నమ్మకానికి అవమానమైతే అంత వివరంగా ఎందుకు చెప్పినట్టు? రాత నమ్మకాన్ని కాపాడుతుంది. నేను ఆ ఆయత్ ఎన్నిసార్లో చదివాను, నా ఇంటి దగ్గర మాత్రం మరచిపోయాను.

ఇక రాయవలసిన కాగితాలు రెండు. మొదటిది అనుమతి కాగితం. పర్మిషన్ అనగానే మనవాళ్లు భయపడి, "రాత్రికి రాత్రి స్లాబ్ వేసేద్దాం, తర్వాత చూసుకుందాం" అంటారు. ఆ కాలం పోయింది. తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో కింద ఒకటి, పైన ఒకటి మించకుండా కట్టుకునే ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి రుసుముతో ఆన్‌లైన్లో నమోదు చేసుకుంటే చాలు. మనలో చాలామంది ఇళ్లు ఈ లెక్కలోనే వస్తాయి. రెండో అంతస్తు లేపితే మాత్రం ఆ సౌకర్యం వర్తించదు. 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ మీదనే అనుమతి వస్తుంది. అంతకు మించిన వాటికి 21 రోజుల గడువు పెట్టారు. అయితే స్వయంగా ఇచ్చే మాట కాబట్టి అది నిజమై ఉండాలి. తప్పుడు కొలత ఇస్తే కూల్చివేత దాకా పోతుంది.

2024 నవంబరు 13న సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఏ ఇల్లు కూల్చాలన్నా ముందుగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలని అన్నది. మంచి రక్షణే. కాని రోడ్డు, ఫుట్‌పాత్ వంటి చోట్ల చేసిన ఆక్రమణకు ఈ రక్షణ లేదని కూడా అదే తీర్పులో ఉన్నది. గల్లీలోకి మూడడుగుల మెట్టు, మోరీ మీద గోడ, పక్కింటి వెలుతురుకు అడ్డంగా సజ్జ, వీటికి ఏ కోర్టు అడ్డం వస్తుంది? రేపు జనాజా తీసుకుపోవడానికి గల్లీలో దారి లేకపోతే ఆ పాపం ఎవరిది? పొరుగువాడి హక్కు మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

రెండవది మేస్త్రీతో ఒప్పందం. అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. కాలిఫోర్నియా రాష్ట్రంలో లైసెన్సు లేని కాంట్రాక్టరు వెయ్యి డాలర్లు, ఆపైన విలువగల పని పట్టకూడదు. ఇంటి పనికి అడ్వాన్సు మొత్తంలో పదో వంతు లేదా వెయ్యి డాలర్లు, ఏది తక్కువైతే అదే తీసుకోవాలి. మన దగ్గర ఇంజనీరుకు, ఆర్కిటెక్టుకు లైసెన్సు ఉన్నది గాని, ఇంటి మేస్త్రీకి లేదు. తాపీ పట్టినవాడే కాంట్రాక్టరు. అక్కడ చట్టం చేసే పని ఇక్కడ మన కాగితమే చేయాలి.

ఆ కాగితంలో ఏముండాలి? చదరపు అడుగుకు ఇంత అంటే అది దేని కొలత, స్లాబుదా, గది లోపలిదా? మెట్లు, సజ్జలు, ట్యాంకు, పైపులు, మట్టి తరలింపు కలిసినవా, కాదా? సామాను ఎవరిది, కూలి ఎవరిది? ఏ కంపెనీ సిమెంటు, ఎన్ని మిల్లీమీటర్ల ఇనుము? పునాదికి ఇంత, స్లాబ్‌కు ఇంత, ప్లాస్టరింగ్‌కు ఇంత అని వాయిదాలు రాసుకోవాలి. చివరి వాయిదా పని పూర్తయ్యాకే. ఎక్స్‌ట్రా పని ఏదైనా సరే, చేయకముందే ధర రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

పంతులును గనుక ఒక చిన్న లెక్క చెబుతాను. ఇనుప కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో దానితోనే గుణించి 162తో భాగించండి. మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల కడ్డీకి 144ను 162తో భాగిస్తే దాదాపు 0.89 కిలో. అంటే 12 మీటర్ల కడ్డీ సుమారు పది కిలోల అరవై గ్రాములు కాదు, పది కిలోల ఆరు వందల గ్రాముల పైన తూగాలి. బాగా తక్కువ తూగితే దుకాణదారును అడగండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. పాత అంచనా చూపిస్తే ఆ మాట గుర్తుచేయండి. ఇక స్లాబ్ వేశాక వారం, పది రోజులు నీళ్లు కట్టడం మానకండి. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని సెంట్రింగ్ తొందరపడి విప్పించకండి.

అట్లని మేస్త్రీలందరినీ దొంగలను చేయకండి. స్లాబ్ అయ్యాక మొహం చాటేసే యజమానులు మనలోనూ ఉన్నారు. కూలివాడి చెమట గురించి మన దీన్ ఏం చెప్పిందో అందరికీ తెలుసు. కాగితం వాళ్లకూ రక్షణే.

చివరగా సంఘానికి ఒక విన్నపం. తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ ఒప్పంద పత్రం అచ్చువేయించి ఆఫీసులో ఉంచుదాం. రిటైరైన ఓవర్సీరు, ఒక మేస్త్రీ, ఒక పెద్దమనిషి, ఈ ముగ్గురితో చిన్న కమిటీ వేద్దాం. ఇల్లు మొదలుపెట్టేవాడు ముందు వాళ్లకు చూపించి, వాళ్ల సాక్షి సంతకంతో పని మొదలుపెట్టాలి. తగవు వచ్చాక కూర్చోబెట్టే కన్నా, రాకముందే కూర్చోబెట్టడం తేలిక.

మొన్న మా ఇంటి వంటగది మరమ్మతుకు మళ్లీ అదే మేస్త్రీని పిలిచాను. ఆయన తాపీ తీయకముందే జేబులోంచి కలం తీసి, "ముందు రాయండి మాస్టర్ సాబ్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. రాసినవాడు ఆయన కొడుకే.

నా మాటల్లో తప్పులుంటే మన్నించగలరు. అల్లాహ్ మన ఇళ్లలో బర్కత్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.