యాజకుడి వాటా

ఎవరి జ్ఞాపకార్థం ఈ రోజు కూడామో ఆ మాస్టారు బైబిల్లోని లేవీయకాండం పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కటే అడిగేవారు: "పెద్దగట్టుకు పోయొచ్చినోళ్లెవరు?" చేతులన్నీ లేచేవి. "అయితే మీకు సగం పాఠం వచ్చినట్టే" అనేవారు.

రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతరకు ఆ పెద్దగట్టు, అంటే దురాజ్‌పల్లి గట్టు, "ఓ లింగా" అని మోగుతుంది. కేసారం నుంచి దేవుళ్లుండే దేవరపెట్టె కదలాలి, దాన్ని ఎవరు పట్టాలో హక్కుదార్లకు తెలుసు. బైకాన్లు కథ చెప్పాలి, ముగ్గుతో చంద్రపట్నం వేయాలి. లింగమంతుల స్వామికి నెత్తురు పనికిరాదు, యాట చౌడమ్మ తల్లికే. యాట మీద పసుపునీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా అందరూ ఊపిరి బిగబట్టి నిలబడతారు.

ఇశ్రాయేలీయుల దేవుడి పెట్టె అయిన మందసానికీ మోతకర్రలుండేవి. మోయాల్సింది లేవీ గోత్రంలో కహాతు వంశంవాళ్లే. ఇంత పోలిక దొరికిందని అక్కడివాళ్లే ఇక్కడికొచ్చారని ఎవరైనా పుస్తకం రాస్తే కొనకండి. మందలు కాచుకునేవాళ్ల బతుకులకు పోలికలుంటాయి, అంతే.

అసలు సంగతి ఇశ్రాయేలీయుల్లో బలి ఎవరు చేసేవారన్నది. కత్తి యాజకుడి చేతిలో ఉండేదనుకుంటాం. దహనబలిలో పశువు తల మీద చెయ్యి పెట్టేది తెచ్చినవాడే, వధించేదీ వాడే. యాజకుడి పని ఆ తర్వాత మొదలవుతుంది. రక్తాన్ని బలిపీఠం చుట్టూ చల్లాలి, కట్టెలు పేర్చాలి. పాపపరిహారబలికి పశువును తెచ్చుకోలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అదీ లేకుంటే ఏఫా అనే కొలతలో పదోవంతు గోధుమపిండి చాలు. అర్పణను హెబ్రీలో కోర్బాన్ అంటారు, దగ్గరికి తెచ్చింది అని. మన ముస్లిం ఇళ్లలో కుర్బానీ అనే మాటదీ ఆ ధాతువే. జాన్‌పహాడ్ దర్గాలో కందూరు చేసి, కొడుక్కి సైదులు అని పేరు పెట్టుకునే మన హిందూ ఇళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఇక వాటాల లెక్క. సమాధానబలిలో కొవ్వు దేవుడికి, అల్లాడించిన బోర, కుడి జబ్బ యాజకులకు, మిగిలింది తెచ్చినవాడికి. దహనబలిలో మాంసం ఎవరికీ లేదు, చర్మం మాత్రం యాజకుడిది. మన గుళ్ల పూజారులకు మాన్యాలుండేవి. లేవీయులకు పొలం వాటాయే లేదు, 48 ఊళ్లూ వాటి చుట్టూ మేతబీళ్లే. జనం ఇచ్చే పదోవంతుతో బతకాలి, అందులోంచీ పదోవంతు యాజకులకు ఇవ్వాలి.

నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. కృతజ్ఞత కోసం అర్పించిన దాని మాంసం ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక్క ఇంటివాళ్లు ఒక్క పూటలో యాటను తినగలరా? చుట్టాన్ని పిలవాలి, పక్కింటివాణ్ణి పిలవాలి. గట్టు కింద పొయ్యిల దగ్గర మనం చేసేదీ అదే.

హద్దు దాటిన యాజకులూ ఉన్నారు. షిలోహులో ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు. కుండలో మాంసం ఉడుకుతుంటే వాళ్ల పనివాడు మూడు ముళ్ల కొంకి గుచ్చేవాడు, దానికి ఎంత వస్తే అంత యాజకుడికి. కొవ్వు కాలకముందే పచ్చిమాంసం ఇమ్మనేవాడు, ఇవ్వకుంటే బలవంతం. సమూయేలు గ్రంథం దీన్ని దాచలేదు. జనానికి అర్పణ అంటేనే రోత పుట్టిందని రాసింది. ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు యుద్ధంలో చచ్చారు.

క్రీస్తు శకం 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక బలిపీఠం పోయింది, యూదులకు ప్రార్థనే మిగిలింది. గెరిజీము కొండ మీద సమరయులు మాత్రం ఇప్పటికీ పస్కా గొర్రెల్ని కోస్తారు.

లేవీయకాండం చదవనివాళ్లు ఏడో అధ్యాయంతో మొదలుపెట్టండి. మొదటి అధ్యాయంతో మొదలుపెడితే రెండో పేజీలోనే మూసేస్తారు.